అక్కకు వెళ్లే కూరల పెట్టె

మంగళవారం, మధ్యాహ్నం
ల్యాబు నుంచి

అక్కకు,

నీ చెల్లెలు నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ మరిదీ పిల్లలూ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నానని మాత్రం రాయకు, నేను నమ్మను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి కాగితం పట్టుకున్నాను.

నిన్న బావగారు ఫోన్ చేశారు. నువ్వు బీపీ మాత్రలు మానేశావట. మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నావట. ఇదేమిటని ఆయన అడిగితే, మా అధ్యయనం వాళ్లు పంపే కూరలు తింటున్నప్పటి నుంచి ఒళ్లు తేలికైందనీ, మందులు కొట్టని తిండి తింటూ మళ్లీ మందులు మింగడమెందుకనీ అన్నావట. పైగా మా చెల్లెలు సైంటిస్టని పక్కింటివాళ్లకూ ఇదే బోధిస్తున్నావట. అమ్మా మహాతల్లీ! నా పరువు తీయడానికి ఇదొక్కటే దొరికిందా?

ఈసారైనా చెవిన వేసుకో. మా అధ్యయనంలో చేరినవాళ్లలో సగం మందికి సేంద్రియ కూరలు, సగం మందికి మామూలు బజారు కూరలు. పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరికేది వెళ్తుందో తినేవాళ్లకూ తెలియదు, రక్తం, మూత్రం పరీక్షించే నాకూ తెలియదు. తెలిస్తే మన ఆశే అంకెల్లోకి దూరుతుంది. సేంద్రియ తిండితో ఒంట్లో పురుగుమందుల జాడ తగ్గుతుందన్నది ముందునుంచీ తెలిసిన మాటే. దానివల్ల ఆరోగ్యం ఎంత బాగుపడుతుందన్నది ఇంకా తేలలేదు. వేసుకునే మాత్రలు ఆపొద్దని చేరిన రోజే మా నర్సు చెప్పింది, నువ్వు తల ఊపావు కూడా.

పొద్దుటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. సీసాలకు చీటీలు తప్పుగా అంటించి మళ్లీ పీకాను. కింద ప్యాకింగ్ గదిలో పెట్టెలు నింపుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వెళ్లి ఒక్క మాట అడిగితే నీకు ఏ కూరలు వస్తున్నాయో తేలిపోతుంది. కానీ అడిగితే ఈ పనిలో ఇక నేనుండకూడదు, అది నియమం. దీనికోసం ఎన్నేళ్లు ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో నీకు తెలుసు. పోనీ నిన్ను అధ్యయనం నుంచి తప్పిద్దామంటే, బయట సేంద్రియ కూరలు కొనుక్కుంటానుగానీ మాత్ర ముట్టనన్నావట. నీ మొండితనం పాడుగాను!

భయంగా ఉందక్కా. అమ్మ పోయింది ఈ బీపీతోనే. నువ్వు కూడా పోతే నేను తట్టుకోలేను. కోపముంటే నన్ను తిట్టు, పడతాను. మాత్ర మాత్రం వేసుకో.

బావగారికి నమస్కారాలు.

ఉండబట్టలేక రాసిన
నీ చిట్టి

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. కిందికి వెళ్లి ప్యాకింగ్ ఆవిడను అడిగాను. మొదట చెప్పనంది, నా ఏడుపు చూడలేక చెప్పింది. మొదటి రోజు నుంచీ నువ్వు తింటున్నవి మామూలు బజారు కూరలేనక్కా, మందులు కొట్టి పండించినవే. జరిగిందంతా మా పెద్ద మేడమ్‌కు నేనే చెప్పేశాను, ప్యాకింగ్ ఆవిడ తప్పేమీ లేదని కూడా చెప్పాను. తాళాలు అప్పగించి వెళ్లమన్నారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. నువ్విది చదువుతుంటే ఎదురుగా కూర్చున్నది నేనే. మాత్ర నా చేతిలోనే ఉంది. ఇంకేం మాట్లాడకు, నోరు తెరువు.