రెండోసారి నిమిరిన చీర

శుక్రవారం, 1998

సీత పోయి ఇవాళ్టికి నెల. తన పేరున ముత్తైదువకి ఇద్దామని మా చీరల కొట్లోంచి బూడిద రంగు మంగళగిరి చీర ఇంటికి తీసుకెళ్లాను. మా పెళ్లైన ఇరవయ్యేళ్లూ తను కట్టుకున్నది ఆ రంగే.

మరదలు చూసి, "అక్కకి ఈ రంగు అసలు పడదు బావా. చిలకపచ్చంటే ప్రాణం" అంది.

"మరి ఎప్పుడూ ఇదే తీసుకునేదిగా?"

"నీ కొట్లో అమ్ముడుపోక మిగిలేది అదేగా!"

చెయ్యి ఏ చీర మీదకి రెండోసారి వెళ్తే మనసు దాని మీదే ఉన్నట్టని గవర్నర్‌పేట బజార్లో అందరికీ చెప్పేది నేనే. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా సీత చిలకపచ్చ చీర నిమిరి, మడతపెట్టి, మళ్లీ నిమిరేది. "ఇది తొందరగా పోతుందండీ, ముందు వరసలో పెట్టండి" అనేది.

పెట్టేవాణ్ణి. సాయంత్రానికల్లా అమ్మేసేవాణ్ణి.