ఇంకిపోయే నీళ్లు

శుక్రవారం రాత్రి, బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపు

నిద్ర పట్టడం లేదు. పక్క మంచం మీద దోర్జే కూడా అటూ ఇటూ దొర్లుతున్నాడు. నేపాల్‌లో వాళ్ల ఊరి వాగు, పైన మంచుకొండ కరిగితేనే పారుతుంది. నీళ్లు రాళ్లలోకి ఇంకి వృథా అవుతున్నాయని, పోయినేడు ఊరంతా కలిసి వాగు అడుగున సిమెంటు పోశారట. ఎప్పటిలాగే ఈ చలికాలం మంచు కరగక వాగు ఆగిపోయింది. ఎన్నడూ ఎండని కింది ఊట కూడా దాంతోపాటే ఎండిపోయిందట.

అన్నం తింటూ చెప్పాడు: "ఎండల్లో వాగు నేలకు నీళ్లు తాగించేది భాయ్. చలికాలం ఆ నీళ్లే ఊటలో మాకు తిరిగొచ్చేవి. మూత మేమే పెట్టుకున్నాం."

పళ్లెం పక్కన పెట్టి ఫోన్ తీశాను. జగిత్యాల దగ్గర మా పొలం కాలువకు సిమెంటు చేయించమని పోరు పెట్టింది నేనే. ఆ కాలువ పక్కనే మా బావి. సాయంత్రమే మా ఆవిడ సుజాత ఫోన్‌లో ఎంత సంబరంగా చెప్పింది!

"ఏమయ్యా, మేస్త్రి ఒప్పుకున్నడు. రేపు పొద్దుగాల్నే పని షురూ జేస్తడు. ఇగ సుక్క గూడ నేలల ఇంకది, సూడు."

అప్పుడు నేనూ నవ్వాను.

ఇందాకటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. సుజాత ఎత్తడం లేదు. ఇక్కడికంటే అక్కడ ముందే తెల్లారుతుంది.