మీ అక్క జడ సంగతి

ప్లెయిన్స్‌బరో, 1984 అక్టోబరు 28

బావమరిది దైవాశీర్వాదానికి జకరయ్య వ్రాయునది. ఇద్దరం ప్రాణాలతో ఉన్నాము.

"మా బావ అమెరికా పోయి పాయిఖానా గొట్టాలు పొడుస్తున్నాడు" అని చర్చి ముందు నలుగురిలో నవ్వావు. ఆనాటి నుంచి ఆరేళ్లుగా నువ్వు మీ అక్కకి ఒక్క ముక్క రాయలేదు. నేనది మరవలేదు.

ఇక్కడ గొట్టం పూడితే మోటారుతో తిరిగే ఇనప తీగని లోపలికి పంపుతాము. పెడలు మీద కాలుంటేనే అది తిరుగుతుంది. తోలు చేతొడుగులు వేసుకోవాలి, ఒంటి మీద ఏదీ వేలాడకూడదు. మూడు వారాల కిందట శనివారం మీ అక్క వసంత నేను పని చేసే చోటికి అన్నం తెచ్చింది. "జడ ముడేసుకో, దగ్గరికి రాకు" అన్నాను. "నీ మిషనేమన్నా గేదా, నా జడ మేయడానికి?" అని నవ్వి, గిన్నె పెట్టబోయి వంగింది. జడ జారి తీగకి చుట్టుకుంది. వెంటనే కాలు తీశాను. అప్పటికే చెవిదాకా లాగేసింది. జడని నేనే కత్తితో కోశాను.

తల మీది గాయం మానుతోంది గాని సరిగా తినదు, చర్చికి రాదు. "నువ్వు బతికుండగానే నాది ముండతలైపోయిందయ్యా" అని ఒక్కసారి ఏడ్చింది. నిన్న మాత్రం "తమ్ముడు చిన్నప్పుడు నా జడ పట్టుకునే నడిచేవాడు" అంది.

అత్తగారి కంటికి శుక్లం తీయించారా? ఆమెకి ఇది చెప్పకు. పిల్లలకు దీవెనలు.

నిన్ను అడగడం నాకిష్టం లేదు. అయినా అడుగుతున్నాను. నా మీద కోపం నా మీదే ఉంచుకో. క్రిస్మసు నాటికి నీ ఉత్తరం మీ అక్క చేతిలో పడాలి.