తుమ్ములొచ్చే పరుపు

వినుకొండ మండలం,
20 జనవరి 2003

చిరంజీవి బుల్లయ్యకు మీ బావ యలమందయ్య దీవించి రాయునది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరూ క్షేమం. ఒంగోల్లో నువ్వూ, నీ పేపర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాకు నిద్ర లేదురా. డాక్టరుకు చూపించుకుంటే, "నొప్పి వల్ల నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే నొప్పి ఎక్కువవుతుంది" అన్నాడు. మరి ముందు దేన్ని పట్టుకోవాలయ్యా అంటే, "రెండూ చూసుకోవాలి పెద్దాయనా" అన్నాడు. ఈ మాట కోసం బస్సులో నిలబడి వెళ్ళాను. ఆ బస్సు కండక్టరు మన పక్కింటి జక్రయ్య మేనల్లుడే, అయినా సీటు చూపించలేదు. సరే, అది వేరే కథ.

అసలు సంగతి రాస్తాను. మీ అక్క వెంకటేశ్వరమ్మ తన మంచం వరండాలో వేయించుకుంది. "నీ మూలుగుకి నాకు నిద్రుండట్లా" అంటుంది. నేను మూలగడం నేనెప్పుడూ వినలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గదిలో ఒక్కణ్ణే పడుకున్నది లేదు. ఇప్పుడు నొప్పి తగ్గిన వేళ కూడా కన్ను మూతపడటం లేదు. నువ్వు పేపర్లో ఆరోగ్యం పేజీలు కత్తిరించి దాస్తావు కదా, ఏదన్నా మార్గం చూడు. ఆమె మళ్ళీ లోపలికి రావాలి.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఈ సంగతి మీ అక్కతో అనొద్దు. మిరప రేటు కనుక్కోవడానికి నీకు రాస్తున్నానని చెప్పాను.


ఒంగోలు,
28 జనవరి

బావగారి పాదాలకు, అంటే ఆ మోకాళ్ళకు కాస్త కిందుగా, నమస్కరించి బుల్లయ్య రాయునది.

తప్పు మోకాళ్ళది కాదు బావా, మీ నులక మంచానిది. అది ఉయ్యాలలా సాగిపోయింది. అందులో పడుకున్న మనిషి పొద్దునకి కొడవలి అవుతాడు. మీ సొంత పత్తితో పరుపు కుట్టించండి. మీ పెళ్ళి పరుపుకు దూది ఏకిన సిలార్ ఇంకా విల్లు పట్టగలిగితే ఆయన్నే పిలవండి. కీళ్ళకు వెచ్చదనం తగిలితే నొప్పి దిగుతుందని కూడా పేపర్లో ఉంది.

ఒక్కమాట, కోప్పడకండి. అక్కయ్య ఊరికే వరండాలోకి వెళ్ళే మనిషి కాదు. మీరేమన్నారు?

ఇట్లు,
విధేయుడు బుల్లయ్య

తా.క.: మిరప రేటెంతని అక్కయ్య బూత్ నుంచి ఫోను చేసింది. నాకేం తెలుసు? ఇంకా పెరుగుతుందన్నాను. చాలా సంతోషించింది.


వినుకొండ మండలం,
15 ఫిబ్రవరి

బుల్లయ్యకు బావ దీవెనలు, నడుము వంచకుండా.

పరుపు తయారైంది. పత్తి మిల్లుకు తీసుకెళ్ళి గింజ తీయించాను. దూది తేవడానికి సంచులు చాలక ఇంట్లో ఉన్న గోతాల్లోనే కుక్కాను. సిలార్ వచ్చి ఏకాడు. ఏకినంతసేపూ తుమ్మాడు. ఈ రోజుల్లో మా ఊళ్ళో తుమ్మనివాడెవడు? కల్లాల నిండా మిరపకాయలే. పూజారి మంత్రం మధ్యలో తుమ్ముతాడు, పాస్టరు గారు ప్రార్థన మధ్యలో తుమ్ముతారు. పెళ్ళిచూపుల్లో తుమ్మినా మా ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు. అందుకని సిలార్‌ని కూడా ఎవరూ పట్టించుకోలేదు.

పరుపు మీద వాలానా, ముందు మోకాళ్ళు వెచ్చబడ్డాయి. నిప్పు లేదు, కాపడం లేదు! నీ పేపరు గొప్పదే అనుకున్నాను. తర్వాత నడుము వెచ్చబడింది. ఆ తర్వాత వెచ్చబడకూడనివి కూడా వెచ్చబడ్డాయి. కళ్ళ వెంట ఒకటే నీళ్ళు. మీ అక్క కిటికీలోంచి చూసి, "ఏందయ్యా, ఏడుస్తున్నావా?" అంది. లోపలికి ఒక్క అడుగు వేసింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆమె తుమ్మి వెనక్కి పోయింది.

నా మూలుగు వరండాలోకి కూడా వినిపిస్తోందట. నాకింత గొంతుందని తెలిస్తే ఎన్నికల్లో మైకు ఖర్చు లేకుండా తిరిగేవాణ్ణి. పరుపు ఇలా కాగడం మామూలేనా? వెంటనే రాయి.

ఇట్లు,
వెచ్చగా ఉన్న మీ బావ

తా.క.: మా కుక్క ఆ పరుపు మీద ఒకసారి పొర్లి బయటికి పరుగెత్తింది. ఇప్పుడు జక్రయ్య ఇంట్లో కాపురం.


ఒంగోలు,
22 ఫిబ్రవరి

బావగారికి నమస్కారాలు.

మామూలే బావా, భయపడకండి. పొగాకు కంపెనీలో తల నెరిసినవాణ్ణి చెబుతున్నాను. ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో పచ్చాకు ముందు చెమట పడుతుంది, వాడుతుంది, ఆ తర్వాతే బంగారు రంగు తిరుగుతుంది. మధ్యలో తలుపు తీశారో, ఆకు నల్లబడుతుంది. మీ ఒంట్లో వాతం బయటికి పోతోంది. పరుపు దిగొద్దు.

అక్కయ్య మళ్ళీ ఫోను చేసింది. "మీ బావ నాకోసం కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నాడురా" అని చెప్పింది. ఇప్పటికైనా మీరేమన్నారో చెప్పండి. నా మాట విని క్షమాపణ అడగండి.

ఇట్లు,
విధేయుడు బుల్లయ్య

తా.క.: నాకూ ఎడమ మోకాలు పట్టేస్తోంది. ఆ దూది మిగిలితే దిండుకు సరిపడా పంపండి.


వినుకొండ మండలం,
10 మార్చి

ఒరేయ్ బుల్లయ్యా, దీవెనలు తర్వాత.

నేను బ్యారన్‌లో ఆకును కాదు. నీ మాట నమ్మి పరుపు దిగకుండా ఉన్నందుకు వీపంతా కమిలి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చొక్కా ఎత్తి చూసి, "పెద్దాయనా, మిరప కల్లంలో పొర్లారా?" అన్నాడు. అప్పుడు వెలిగింది. దూది కుక్కిన గోతాలు నిరుడు మిరపకాయలకు వాడినవి! పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే ఉన్న ముక్కు కదా, నాకేం తెలుస్తుంది?

పరుపు తీసేయమని తిట్టి, వీపుకొకటి, మోకాళ్ళకొకటి పూతమందు రాశాడు. మోకాళ్ళది రాసుకుంటే మళ్ళీ అదే మంట! మందుల షాపు బెన్నీని నిలదీశాను. "ఇందులో మిరప సారం ఉంటది తాతా" అన్నాడు. చూశావా, మన పంటే ట్యూబులో దూరి మన దగ్గరికే వచ్చింది.

పరుపు పోయింది కనుక నా మంచం కూడా వరండాలోకి మార్చాను. మధ్యాహ్నం భోజనం చేసి ఇద్దరం నడుం వాల్చాం. కాసేపటికి మూలుగు. నా నోరు తడుముకున్నాను, మూసే ఉంది. మూలుగు పక్క మంచంలోంచి. మీ అక్క తన మూలుగుకు తనే ఉలిక్కిపడి లేచి, నావైపు తిరిగి, "ఇదిగో, మళ్ళా మూలిగావు!" అంది.

చీర అంచు పైకి జరిపి చూశాను. ఆమె మోకాళ్ళు నావాటికంటే వాచి ఉన్నాయిరా.

"ఎన్నాళ్ళ నుంచే?"

"నీకే కూర్చుంటే లేవడం కావట్లా. మళ్ళా నాదొకటా అనుకున్నా."

మర్నాడు ఆమెనూ తీసుకెళ్ళాను. డాక్టరు నాకు చెప్పిన ముక్కే ఆమెకూ చెప్పాడు. ఆమెకు అర్థమైందట. నాకింకా కాలేదు.

రెండు మంచాలూ మళ్ళీ లోపలికి చేరాయి. ఒకరి మోకాళ్ళకు ఒకరం మందు రాసుకుని ఇద్దరం తుమ్ముతాం. నిద్ర ఇంకా పూర్తిగా దారికి రాలేదు. మెలకువ వచ్చినప్పుడు మాత్రం, "ఏమే" అంటే "ఊఁ" అనేవాళ్ళున్నారు.

ఇట్లు,
క్షమాపణ అడగని మీ బావ

తా.క.: నువ్వడిగిన దిండు ఈ ఉత్తరం తెచ్చే మనిషితోనే పంపాను. దూది బాగా దులిపానని మీ అక్క అంటోంది. కానీ మిరప రేటు పడిపోయిందని తెలిసిన రోజే దాన్ని కుట్టింది. తల పెట్టే ముందు కాస్త ఆలోచించు.