కుడితి తొట్టి కేసు

నరసరావుపేట

గుంటూరులో పాత సామాను ఎత్తే కంపెనీ మేనేజరు గారికి, దూదిమిల్లు గేటు దగ్గర కాపలా కాసి రిటైరైన నెహెమ్యా రాయునది ఏమనగా,

మేము ఇక్కడ క్షేమం. మీ క్షేమం సంగతి నా తొట్టి దొరికాక అడుగుతాను.

పోయిన సోమవారం మా ఆవిడ రాహేలు ఫోనులో మీ ప్రకటన చూసి మిమ్మల్ని పిలిచింది. విరిగిన మంచం, తుప్పుపట్టిన కూలరు, చిల్లుల డ్రమ్ము మీవాళ్లు వ్యానులో వేసుకుపోయారు. పాత సామాను తీసుకుపోయేవాడు మనకు డబ్బులిచ్చి పోవాలి. మీరు మా దగ్గరే తీసుకున్నారు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. పైగా ఊరికే ఇస్తున్నామంటూ వంటింటి సింకు కింద చెత్త నమిలే యంత్రం ఒకటి బిగించిపోయారు. ఊరికే ఎవడిస్తాడండీ?

వ్యాను పోయాక చూస్తే గోడవారన ఉండే సిమెంటు కుడితి తొట్టి లేదు. కూరగాయల తొక్కలు, గంజి, బియ్యం కడుగు అందులో పోస్తే పక్కింటి హజ్రా బీ బర్రె తాగుతుంది. బర్రె చూడిమీద ఉంది. అది ఈనినప్పుడల్లా మొదటి జున్ను మా ఇంటికే వస్తుంది. ఇప్పుడు తొట్టి లేదు. తొక్కలన్నీ మీ యంత్రం మింగుతోంది. హజ్రా బీ నాతో మాటలు మానేసింది. తొట్టి పోయిందని ఆమెకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నేను గేటు దగ్గరున్నన్నాళ్లూ మిల్లులోంచి దూదిపింజ కూడా నాకు చెప్పకుండా బయటికి పోలేదు.

తొట్టి పంపండి.

మీ మీద కన్నేసి ఉంచిన,
నెహెమ్యా

తా.క.: మీ మనిషి మంచం, కూలరు కొలిచాక టేపు పట్టుకుని నావంక కూడా చూశాడు. నేను ఇంకా వాడుకలోనే ఉన్నానని చెప్పండి.

ఇంకో తా.క.: మీకు ఫోను చేస్తే ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు. నేను నొక్కను. ఉత్తరమే రాస్తాను.

* * *

గుంటూరు

గౌరవనీయులైన నెహెమ్యా గారికి నమస్కారములు.

మా యంత్రం వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. యంత్రం నడిచేటప్పుడు చన్నీళ్ల పంపు తిప్పి ఉంచగలరు. వారానికోసారి ఐసుముక్కలు వేసి తిప్పితే లోపల పట్టిన జిడ్డు వదులుతుంది. నిమ్మతొక్కలు వేస్తే వాసన పోతుంది. మునక్కాయ పిప్పి, గోంగూర కాడలు, చింతపిక్కలు, ఎముకలు వేయరాదు. లోపల చెయ్యి పెట్టరాదు.

మీ ఇంటి శుభ్రతే మా సంతోషంగా భావించే,
సాహితి
వినియోగదారుల విభాగం

తా.క.: మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో తెలుపగలరు.

* * *

నరసరావుపేట

అమ్మాయ్ సాహితీ, నెహెమ్యా రాయునది.

నేను తొట్టి అడిగితే నువ్వు నిమ్మతొక్కలంటావేందమ్మా? మునక్కాయ, గోంగూర, చింతపిక్క, ఎముక. ఇవి నమలలేని యంత్రానికి పల్నాడులో ఏం పని? ఎండాకాలంలో నా మజ్జిగలోకే లేని ఐసుముక్క దానికెందుకు? అదీగాక, వాసన పోగొట్టమని చెప్పేవాళ్ల దగ్గర దాచాల్సింది ఏదో ఉండే ఉంటుంది.

అరుగుమీద కూర్చుని ఆలోచిస్తే మీ గుట్టు తెలిసింది. ఇంటింటికీ ఈ యంత్రం పెడితే కుడితి ఉండదు. కుడితి లేకపోతే బర్రెలుండవు. బర్రెలు లేకపోతే ఊరు ఊరంతా ప్యాకెట్ పాలే కొనాలి. మీ వ్యానులో ఓ మూల పాల ట్రేలున్నాయి. నా కళ్లతో నేను చూశాను. ముందు తొట్టి ఎత్తుకుపోయారు. రేపు బర్రెకు కూడా టేపు పెడతారు.

ఈ వారంలో తొట్టి రాకపోతే పోలీసు స్టేషనుకు పోతాను. తరవాత నన్ను అనుకోవద్దు.

రెండో కన్ను కూడా వేసిన,
నెహెమ్యా

తా.క.: నక్షత్రాలు అడిగావు. డాబా ఎక్కి చూశాను. మబ్బు పట్టి ఉంది. ఒక్కటీ లేదు.

* * *

గుంటూరు

నెహెమ్యా గారికి నమస్కారములు.

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరం చదివాము. తొట్టిని ముట్టుకోలేదని డ్రైవరు అయాజ్ గట్టిగా చెబుతున్నాడు. వ్యాను అద్దెది. తెల్లవారుజామున అది వేరేవాళ్లకు పాలు వేస్తుంది. పాలవాళ్లతో మాకు ఏ సంబంధమూ లేదు. బర్రెలంటే మాకు గౌరవమే. మీ మనసు కష్టపడకూడదని, కేవలం మంచితనంతో, కొత్త ప్లాస్టిక్ తొట్టి ఒకటి పంపుతున్నాము.

మీ నమ్మకం కోసం ఎదురుచూసే,
సాహితి

తా.క.: టేపు పట్టుకున్న మా సల్మాన్ మిమ్మల్ని కొలవలేదట. మీరు కూలరుకు అడ్డంగా నిలబడి కదలలేదట.

* * *

నరసరావుపేట

అమ్మాయ్ సాహితీ, నెహెమ్యా రాయునది ఏమనగా,

మీ నీలం తొట్టి అందింది. పాతది ఎత్తనివాళ్లు కొత్తది ఎందుకు పంపుతారు? నేరం ఒప్పుకున్నట్టే. దాన్నే సాక్ష్యంగా చూపిద్దామని నెత్తిన బోర్లించుకుని స్టేషనుకు బయల్దేరాను. అది కళ్లమీదికి జారింది. సందు మలుపులో హజ్రా బీ బర్రెకు ఎదురుపోయాను. బర్రె బెదిరి ఆగింది. వెనకాలే హజ్రా బీ.

“ఏందన్నా, ఎండకు టోపీ దొరకలా?” అంది.

“నీతో మాట్లాడే మొహం లేదమ్మా. కుడితి తొట్టి ఆ కంపెనీవాళ్లు ఎత్తుకపోయారు.”

“ఎవరెత్తుకపొయ్యేది? మా పిల్లాడు జిలానీ చేత దొర్లించి గడ్డివామి వెనక నేనే దాపెట్టా! కనపడ్డదల్లా వ్యానెక్కిస్తంటే చూస్తా ఊరుకోమంటావా?”

“మరి నాకు చెప్పవేంది తల్లీ?”

“నువ్వు అడిగావా? మిషను పెట్టుకున్నావు, కుడితి ఆపావు. ఇంక నా బర్రెతో ఈయనకేం పనిలే అనుకున్నా. తొట్టేదని అడగటానికైనా గోడకాడికి వస్తావని చూస్తానే ఉన్నా.”

అదీ సంగతి. జీవితమంతా కాపలా కాసినవాణ్ణి. నా ముక్కు కిందనుంచే తొట్టి దొర్లించుకుపోయారు. ఈ ముక్క మీ ఆఫీసులో అందరికీ చదివి వినిపించవద్దు.

తొట్టి మళ్లీ గోడవారన చేరింది. గోడకు బెజ్జం కొట్టి, మీ యంత్రం గొట్టం దాంట్లోకి వదిలాను. అది నములుతోంది, బర్రె తాగుతోంది. సబ్బునీళ్లు పోకూడదని రాహేలు గిన్నెలు పెరట్లో తోముతోంది, నన్ను తిడుతూ. ఆదివారం కోడికూర కాబట్టి యంత్రానికి సెలవు. నిమ్మతొక్కలు మాత్రం వేయను. బర్రె మొహం తిప్పుకుంటోంది.

మీరు దొంగలు కాదని రాయమని రాహేలు అంటోంది. అంత మాట నేను రాయను. నా తొట్టి మాత్రం మీరు ఎత్తలేదు.

సగం నమ్మిన,
నెహెమ్యా

తా.క.: నీలం తొట్టి తిరిగివ్వను. అది సాక్ష్యం.

ఇంకో తా.క.: బర్రె ఈనగానే కబురు చేస్తాను, జున్ను తిందువుగాని. బస్సెక్కి రా. ఆ వ్యాను మా సందులో కనపడిందంటే హజ్రా బీ మళ్లీ తొట్టి దాచేస్తుంది.