ఏడు రోజుల్లో ముగించిన నవల

వరహాలూ,

మొదటి బస్సుకి మీ అమ్మా నేనూ శ్రీముఖలింగం వెళ్తున్నాం. నిద్రలో ఉన్నావని లేపలేదు. రేపు అభిషేకం అయ్యాక వస్తాం. నాయనమ్మకి జావ పల్చగా కాచు. ఆవుకి కుడితి పెట్టు. దేవుడి దగ్గర దీపం మరిచిపోకు.

మీ పంతులమ్మగారు ఇచ్చిన నవల ఇంకా తిరిగి ఇచ్చెయ్యకు. తప్పు నాదే. రామాయణ పారాయణలాగా రోజుకిన్ని పేజీలని చెప్పి, ఏడు రోజుల్లో ముగించమన్నాను. ముగించావు. నిన్న నేను, "ఆ కుర్రోడు అమ్మకి అబద్ధం సెప్పి పట్నం ఎందుకెళ్ళినాడే?" అని అడిగితే, "సదవమన్నావు, సదివీసినాను. ఇంకేటి నాన్నా?" అన్నావు. మళ్ళీ అడిగితే నా మొహం చూసి, "తప్పే సేసినాడు" అన్నావు. అది నాకోసం చెప్పిన జవాబు.

పారాయణ ముగిస్తే పుణ్యమంటారు. నవల ముగిస్తే ఏం వస్తుందో నాకు తెలీదు. పేజీలు తిప్పినంత మాత్రాన వచ్చేది కాదనుకుంటాను.

ఇవాళ వాడు పట్నం వెళ్ళే ఆ ఒక్క ప్రకరణమే మళ్ళీ చదువు. స్నానం చేసి కూర్చోనక్కర్లేదు, పడుకునే చదువుకో. వాడిది తప్పు కాదనిపిస్తే అలాగే చెప్పు. కోప్పడను.

మీ నాన్న

ఇంకొకటి. నీ వయసులో నేను గుడికని చెప్పి రాజాంలో భాగోతం చూడ్డానికి పోయాను. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. నీ నవల నేనూ చదివాను; వాడు గుమ్మం దాటే పేజీ దగ్గర నాకు చదవడం ముందుకి సాగలేదు. నేను చేసింది తప్పో కాదో, వచ్చాక నువ్వే చెప్పాలి.