లొంబాక్‌లో నీ పేరు

అక్కా,

సెలవుకని కడపకు వచ్చి, తిరిగి వెళ్లకుండానే నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ అరబ్బు దేశంలో, మత్రాలో నువ్వు పనిచేసిన ఇంట్లోనే ఇప్పుడు నేను పనిచేస్తున్నాను. వంట ఇప్పటికీ నీ స్నేహితురాలు సుర్యానీదే.

ఆమెది ఇండోనేషియాలోని లొంబాక్ దీవి. అక్కడి పెద్ద కొండలో నిప్పుందనీ, పూర్వం ఆడపిల్లకు నేత వస్తేనే పెళ్లి చేసేవాళ్లనీ, పడమటి వైపు హిందువుల గుళ్లున్నాయనీ ఆమె చెబుతుంటే గంటల తరబడి వినేదానివట. నాతో ఫోన్లో మాత్రం "డ్యూటీ ఉందిమే, పెట్టేస్తాండా" అనేదానివి. నీ నవ్వులన్నీ ఆమెకే దక్కాయని నాకు కడుపుమంట.

ఈ రోజు వాళ్ల ఊళ్లో సుర్యానీ కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఫోన్లో బిడ్డను చూపిస్తూ, మాకిద్దరికీ వచ్చిన కాస్త అరబ్బీలో "పేరు రత్న" అంది.

"అది మా అక్క పేరు. మీకెందుకు?" అన్నాను.

"మా దీవిలోనూ రత్నలున్నారు. ఈ పిల్లకు మాత్రం మీ అక్క పేరే పెట్టాం."

నాకు కూతురు పుడితే పెట్టుకుందామనుకున్న పేరక్కా అది! వెళ్లి గిన్నెలు తోముతూ నిలబడ్డాను. వెనక ఆమె "రత్నా, రత్నా" అని మురిసిపోతోంది. నేను పుట్టినప్పటి నుంచి నిన్ను అక్కా అనే పిలిచాను. పేరు పెట్టి పిలిచే వరస కాదు నాది.

కాసేపటికి సుర్యానీ వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వూ పిలువు" అంది.

"రత్నా" అన్నాను.

ఫోన్ ఆమెకు తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.